గూట్లో లేని తాళంచెవి

"దేవుడి గూట్లో పెట్టిన తాళంచెవిని దేవుడు ఎత్తుకుపోడు. ఈ ఇంట్లో మనిషే తీసుండాల!"

రామనారాయణ గొంతు వసారా దాటి వీధి మలుపు దాకా వినిపించింది. పెంచలస్వామి పటాన్ని కిందికి దించి, గూట్లోని కర్పూరం డబ్బా, కుంకుమ భరిణె, ఎండిపోయిన తులసి దండలు అన్నీ చాప మీద కుమ్మరించి ఆయన మళ్లీ మళ్లీ వెతుకుతున్నాడు. వెతికేకొద్దీ కోపం పెరుగుతోందే తప్ప తాళంచెవి కనిపించడం లేదు.

అది బీరువా తాళంచెవి అయితే ఇంత గొడవ ఉండేది కాదు. ఎర్రబండపాలెం ఆసుపత్రి వెనక ఉన్న ఆక్సిజన్ ప్లాంటు గది తాళంచెవి అది. మధ్యాహ్నానికి జిల్లా నుంచి అధికారి వస్తున్నాడు. మళ్లీ కొవిడ్ లాంటిది వచ్చిపడితే ఈ ఆసుపత్రి తట్టుకుంటుందా లేదా అని డ్రిల్ చేసి చూడడానికి.

"ఎవురు తీసుంటారే?" అని ఆయన భార్య మీదికి తిరిగాడు.

వెంకమ్మ చేటలో కందిపప్పు ఏరుతోంది. తల ఎత్తలేదు.

"గూడు తుడిచేది ఎవురు? నేనా?"

గూడు తుడిచేది రజిత. వంటింటి గడపలో గరిటె పట్టుకుని నిలబడ్డ కోడలికి ఆ మాట ఎవరికి తగలాలో వేరే చెప్పక్కర్లేదు.

"సూటిగా అడగండి అత్తా. నేను తీసినానా అనే గదా?"

"నీ పేరు ఎత్తినానా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుండాది నీ యవ్వారం."

"దసరా నాడు అందరి ముందర నువ్వు ఏమంటివి?" రామనారాయణ పటం చేతిలో పట్టుకునే కోడలి వైపు వచ్చాడు. "'ఒక్కసారి నడిపి చూడండి మామా' అంటివా లేదా?"

"అన్నాను. ఇప్పుడూ అంటాను. నడపని మిషన్‌కి గుమ్మడికాయ పగలగొట్టి ఏం లాభం?"

"పూజ చేసిన దాన్ని కెలక్కూడదమ్మాయ్! కెలికితే చెడిపోతాది!"

ఈ మాటకు జవాబు చెప్పీ చెప్పీ రజిత గొంతు అరిగిపోయింది.

ప్లాంటు వచ్చినప్పటి నుంచీ ఆ ఇంట్లో ఇదే వరస. ప్రతి దసరాకీ రామనారాయణ డప్పులతో ఆసుపత్రికి వెళ్లేవాడు. ఆ పెద్ద పెద్ద ట్యాంకులకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, నిమ్మకాయలు కట్టి, గుమ్మడికాయ పగలగొట్టి, గదికి తాళం వేసి చెవిని తెచ్చి స్వామి పటం కింద పెట్టేవాడు. డాక్టర్లు వస్తుంటారు పోతుంటారు, వాళ్ల చేతికి ఇస్తే ఎవరు జవాబుదారీ అని ఆయన వాదన. ఒక్కో డాక్టరు ఊరి పేరు సరిగ్గా పలకడం వచ్చేలోపే బదిలీ అయిపోతుంటే, ఆ వాదన తప్పని ఎవరూ అనలేకపోయారు.

ఆ ప్లాంటు గది గోడ మీద ఉన్న పేరు ఆయన పెద్దకొడుకుది. కొవిడ్ రెండో విడతలో పెంచలప్రసాద్‌ని నెల్లూరికి తీసుకుపోతుంటే, సంగం దాటకముందే సిలిండర్ అయిపోయింది. మనిషీ అయిపోయాడు. ఆ ఏడాదే ప్లాంటు మంజూరైతే, గదికి స్థలం మేమిస్తాం, పేరు మా వాడిది పెట్టండని రామనారాయణ ఆఫీసుల చుట్టూ తిరిగాడు. అందుకే అది ఆ ఇంటికి మిషన్ కాదు, కొడుకు.

రజితకి మాత్రం అది మిషనే. కాంట్రాక్టు నర్సుగా అదే ఆసుపత్రి కొవిడ్ వార్డులో పనిచేసినప్పుడు, మిషన్ బిగించిన వాళ్లు నడపడం నేర్పిన మనుషుల్లో ఆమె ఒకతి. జబ్బు తగ్గుముఖం పట్టగానే నేర్చుకున్న వాళ్లందరినీ ఇళ్లకు పంపేశారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటినాక బోడి మల్లయ్య. అన్న కోసం వార్డు బయట కాపలా కూర్చున్న హర్ష ఆమెను చేసుకోబట్టి ఆమె ఈ ఇంటికి కోడలైంది గానీ, ఆ చేతి విద్య మాత్రం అక్కడే ఆగిపోయింది.

ఆ హర్ష ఇప్పుడు స్తంభానికి ఆనుకుని ఫోన్ చూస్తున్నాడు. ఫోన్ తెర ఆరిపోయి చాలాసేపైంది. అయినా చూస్తూనే ఉన్నాడు.

ఇంట్లో సూది పోయినా ముందు వెతికేది అతనే. పెళ్లాన్ని పట్టుకుని దొంగ అంటుంటే ఒక్కమాట అనడేం?

రజితకి దసరా అయిన వారం జ్ఞాపకం వచ్చింది. హర్ష చొక్కా చేతుల నిండా నల్ల గ్రీజు మరక. ఎంత ఉతికినా పోలేదు. ట్రాక్టర్ కింద దూరినానే అన్నాడు. ఆ వారమంతా ట్రాక్టర్ కొండాపురంలో మెకానిక్ షెడ్డులో ఉంది. అప్పుడు తట్టలేదు. ఇప్పుడు తట్టింది.

వీధిలో ఆటో కీచుమని ఆగింది.

ముస్తాక్ చెప్పులతోనే వసారా ఎక్కాడు. ఉదయగిరిలో కొయ్య గరిటెలు చెక్కే మదార్ సాహెబ్ కొడుకు అతను. హర్షతో కలిసి చదువుకున్నాడు. పెళ్లాం ఊరని ఎర్రబండపాలెం వచ్చి ఆటో తోలుకుంటున్నాడు. పెంచలప్రసాద్ ఆఖరి ప్రయాణం అతని ఆటోలోనే.

"పెద్దాయనా, తాళంచెవి ఇయ్యండి. మా అమ్మకి ఊపిరి ఆడటంలా."

"సుగ్రాబీకా? నిన్న లేచి కూర్చున్యాది అంటివే?" అన్నాడు రామనారాయణ.

"నిన్న కూర్చున్యాది. ఇయ్యాల పెదాలు నల్లబడినాయి. ఇప్పుడు తిరుగుతుండే జ్వరమే, రొమ్ములోకి దిగిందంట. ఎక్కుతుండే సిలిండర్ కాక ఇంకొకటే ఉండాదని సిస్టర్ చెప్తావుండాది. డాక్టర్ మీటింగ్‌లో ఉండాడు, ప్లాంట్ ఉండాది గదా నడపండి అని ఫోన్‌లో అంటాడు. తాళంచెవి మీ ఇంట్లో ఉండాది."

"ఆత్మకూరు తీసకపోదాం" అంది రజిత.

"అంబులెన్స్ నెల్లూరు పోయిండాది వదినా. నా ఆటోలో అయితే..." ముస్తాక్ రామనారాయణ మొహం చూసి మాట మింగాడు. "ఇంకొకరిని అట్టా నా ఆటోలో ఎక్కించలేను."

చేటలో పప్పు చప్పుడు ఆగిపోయింది.

"తాళంచెవి లేకపోతే తాళం పగలగొడదాం. మనిషి కంటే తాళం ఎక్కువా?" రామనారాయణ కండువా భుజాన వేసుకున్నాడు. "దేని కోసం పెట్టుకున్యాం దాన్ని? నా బిడ్డకి అందని గాలి సుగ్రాబీకి అందుతాది. ఒరే హర్షా, సుత్తి తే."

హర్ష కదల్లేదు.

"నిన్నేరా!"

"ఒద్దు నాయనా" అన్నాడు హర్ష.

పొద్దున లేచిన తర్వాత అతను ఆడిన మొదటి మాట అది. రామనారాయణ కొడుకుని ఎగాదిగా చూసి, తనే గోడవార ఉన్న సుత్తి తీసుకుని ముస్తాక్ ఆటో ఎక్కాడు.

ఆటో మలుపు తిరగగానే రజిత మొగుడి చెయ్యి పట్టుకుని గదిలోకి లాక్కుపోయింది.

"ఆ గ్రీజు మరక ట్రాక్టర్‌ది కాదు."

హర్ష మంచం అంచున కూర్చున్నాడు.

"ఏం ఊడదీసినావు? మోటారా? రాగి పైపులా? ఎవురికి అమ్మినావు?"

"ఛీ! నన్ను దొంగని చేస్తావుండావే."

"ఇంటిల్లిపాదీ నన్ను దొంగని చేస్తుంటే నీకు నోరు రాలేదే! ఇప్పుడు పొడుచుకొచ్చిందా రోషం? ఆడ ఒక ముసలామె ఊపిరి కోసం కొట్టుకుంటావుండాది. మీ నాయన సుత్తి తీసుకోని పోయినాడు. నువ్వు 'ఒద్దు' అంటావుండావు. ఎందుకొద్దో చెప్పు."

హర్ష రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. చెప్పాలనే ఉంది అతనికి. నోటిదాకా వచ్చింది కూడా. మళ్లీ లోపలికి పోయింది.

"అమ్మకి మాటిచ్చినాను" అన్నాడు చివరికి. "అమ్మనే అడుగు."

వెంకమ్మ పెరట్లో, కొళాయి దగ్గర రాతిమీద కూర్చుని ఉంది. చేట పక్కన పడి ఉంది. పప్పు మట్టిలో చిందింది. అది చూసి కూడా ఎత్తకుండా కూర్చుందంటే, ఆ మనిషి తన స్పృహలో తను లేదన్నమాటే.

రజిత ఎదురుగా వెళ్లి నిలబడింది. అప్పుడు కనిపించింది. అత్త రొంటిన చీర కుచ్చిళ్ల మడతలోంచి తొంగి చూస్తున్న చిన్న కొయ్య గరిటె తల. తాళంచెవి పోకుండా ఉండాలని మదార్ సాహెబ్ వేలంత గరిటె చెక్కి దానికి కట్టి ఇచ్చాడు.

తాళంచెవిని నడుముకు పెట్టుకుని కూర్చుని, తీరిగ్గా పప్పు ఏరుకుంటూ, కోడల్ని దొంగ అంది ఈమె!

రజితకి ఏడుపు ముంచుకొచ్చింది. కోపం ఏడుపు. దాన్ని దిగమింగి నిలబడే సరికి తలప్రాణం తోకకొచ్చింది.

"అది పనిచేయడంలా. అంతేనా అత్తా?"

వెంకమ్మ తల ఊపింది.

"ఎప్పుడు తెలిసింది?"

"దసరా నాడు నువ్వు ఆ మాట అంటివి గదా. ముల్లు మాదిరి గుచ్చుకున్యాది. మీ మామకి తెలీకుండా హర్షగాడిని తీసుకోని పోయినా. వాడు ఆడాడా దుమ్మూ గ్రీజూ తుడిచి స్విచ్చేసినాడు. ఎంత సద్దు చేసిందో! నా బిడ్డ మళ్లా ఊపిరి పీల్చినట్టే అనుకున్యా. ఈడు ఆ గుండ్రటి మీటర్ కాడ నిలబడి, నిలబడి, మొకం తిప్పుకున్యాడు."

"ముల్లు పచ్చగీత దాకా పోలా."

"సగం కూడా పోలా అన్యాడు."

"లోపల గుళికలు ఉంటాయి అత్తా. గాలిలోంచి ఆక్సిజన్‌ని వేరు చేసేది అవే. నడుపుతుంటే బతుకుతాయి. మూసిపెడితే చెమ్మ తాగి చస్తాయి. నేను మొదట్నించీ చెప్తావుండేది ఇదే. మరి తెలిసినాక ఎందుకు చెప్పలా?"

"చెప్తే?" వెంకమ్మ మొదటిసారి తల ఎత్తింది. "చెడిపోయిందని రాసుకుంటారు. లారీ తెచ్చి ఊడదీసుకోని పోతారు. ఖాళీ గోడ మీద నా బిడ్డ పేరు ఎవురికి కావాల? తాళం ఏసుండేదాకా అది మంచిదే గదా!"

ఈ తర్కం వెంకమ్మ ఒక్కదానిదే అయితే నవ్వి ఊరుకోవచ్చు. ప్రతి డ్రిల్లుకీ వచ్చిన వాళ్లు కిటికీలోంచి పసుపు రాసిన ట్యాంకుల్ని చూసి, కొబ్బరినీళ్లు తాగి, ఫొటో తీసుకుని, బాగుందని రాసుకుని పోయారు. తాళం వెనక ఉన్నదాన్ని నమ్మడం వాళ్లకూ సుఖంగానే ఉంది. అడిగితే కదా తెలిసేది, తెలిస్తే కదా బాగుచేయాల్సి వచ్చేది!

"మీ రొంటిన పెట్టుకోని నన్ను దొంగన్నారు."

"అన్యా."

"మామ నన్ను ఎట్ట చూసినాడో చూసినారు గదా?"

"చూసినా. అధికారి వచ్చి, తాళంచెవి లేదని ఎనక్కి పోతాడులే అనుకున్యా. నీ మీదికి మళ్లితే నువ్వు తట్టుకుంటావులే అనుకున్యా." వెంకమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "సుగ్రాబీకి ఇట్టవుతుందని అనుకోలేదే."

రజిత ఆమె పక్కన కూర్చుంది. తిట్టాలని వచ్చింది. తిట్టడానికి ఇప్పుడు తీరిక లేదు.

"ఇది వినండి అత్తా. ప్లాంట్ బాగుందని రాసినందుకే ఆసుపత్రికి సిలిండర్లు తగ్గించినారు. మొన్న సిస్టరే నాతో చెప్పింది. ఇయ్యాల మళ్లా బాగుందని రాసుకోని పోతే, సుగ్రాబీ పెద్దమ్మకి ఆ మిగిలిన ఒక్క సిలిండరే. ఆమె తర్వాత ఇంకెవురన్నా వస్తే అదీ లేదు. మీ బిడ్డ ఎట్ట పోయినాడో అట్టనే."

కొళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది. కొడుకు దగ్గరికి వచ్చినప్పుడల్లా సుగ్రాబీ ఆ రాతి మీదే కూర్చుని గరిటెలు నునుపు పెడుతూ వెంకమ్మతో కబుర్లాడేది. ఏళ్ల తరబడి ఆ కొయ్యపొడి పీల్చీ పీల్చీ ఆమె ఊపిరితిత్తులు ఎప్పుడో సగం చెడిపోయాయి.

వెంకమ్మ రొంటిలోంచి తాళంచెవి తీసి కోడలి చేతిలో పెట్టింది. అది వెచ్చగా ఉంది.

వాళ్లు ముగ్గురూ ఆసుపత్రికి చేరేసరికి అధికారి కారు అప్పటికే అక్కడ ఉంది. చెప్పిన సమయం కంటే ముందే వచ్చాడు కోటేశ్వర్ సారు. రామనారాయణ సుత్తి ఎత్తి, తాళం మీద కొట్టలేక ఆగిపోయి ఉన్నాడు. తలుపు పైన మదార్ సాహెబ్ చెక్కిచ్చిన కొయ్య పలక వేలాడుతోంది, పెంచలప్రసాద్ పేరుతో. దాని కింద సుత్తి దెబ్బ వేయడానికి ఆయనకి చేతులు రాలేదు.

రజిత తాళంచెవి ఉన్న చెయ్యి చాచింది.

రామనారాయణ చెవిని చూశాడు, కోడల్ని చూశాడు. "నాకు తెలుసు" అన్నాడు పళ్ల బిగువున. అంతమందిలో అంతకంటే అనలేదు.

రజిత అత్త వైపు చూడలేదు. చూస్తే మామకి అర్థమైపోతుంది. మాట పడటం ఏమన్నా కొత్తా?

తలుపు తీశారు. రామనారాయణ చెప్పులు విడిచి లోపలికి వెళ్లి, ట్యాంకుకి దణ్ణం పెట్టి, స్విచ్ వేశాడు.

గది దద్దరిల్లింది. ఎండిన నిమ్మకాయలు రాలి కింద పడ్డాయి. బయట చేరిన జనం చప్పట్లు కొట్టారు. ముస్తాక్ రెండు చేతులూ ఎత్తి "యా అల్లా" అన్నాడు. రామనారాయణ కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

"ఎక్సలెంట్!" కోటేశ్వర్ సారు ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకున్నాడు. "వర్కింగ్ కండిషన్. సిస్టర్, పేషెంట్ ఉన్న వార్డు లైన్ దీనికి కలపండి. ఆ సిలిండర్ తీసి ఎమర్జెన్సీకి పక్కన పెట్టండి."

"కలపొద్దు!" రజిత మీటర్ దగ్గర నుంచి అరిచింది. "సార్, ఇది చూడండి ముందు. వచ్చేది ఉత్త గాలి."

"మీరెవరమ్మా? స్టాఫా?"

"ఒకప్పుడు."

"ఇప్పుడో?"

నిజమే, ఇప్పుడు తను ఎవరు?

"నా కోడలు సార్" అన్నాడు రామనారాయణ. "దానికి మొదట్నించీ ఈ మిషన్ మీద నమ్మకం లేదు. మీరు రాసుకోండి."

"పాత మిషన్ కదమ్మా, కాసేపు నడిస్తే ముల్లు ఎక్కుతుందిలే."

"నిజమే సార్, కాసేపు పడతాది. అయితే ఎక్కేదాకా ఉండండి. ఎక్కినాకనే రాయండి."

కోటేశ్వర్ సారు గడియారం చూసుకున్నాడు. అతను ఇంకా ఉదయగిరి వైపు వెళ్లాలి. చెడ్డవాడేం కాదు. కానీ పొద్దుగూకేలోపు చూడాల్సిన ఆసుపత్రులు చాలా ఉన్నవాడికి ముల్లు కంటే చప్పుడే తొందరగా అర్థమవుతుంది. కలం తీశాడు.

"ఎక్కదు."

వెంకమ్మ గొంతు పెద్దదేం కాదు. అయినా మిషన్ హోరులో కూడా అందరికీ వినిపించింది.

"ఏమన్యావు?" అన్నాడు రామనారాయణ.

"ఎక్కదు అంటావుండా. నేనూ హర్షగాడూ ఎప్పుడో నడిపి చూసినాం. చచ్చిపోయిండాది. తాళంచెవి నా కాడే ఉండె. కోడలి మీద ఏసినాను."

"నువ్వా?" రామనారాయణ కోడలి వైపు తిరిగాడు. ఏదో అనబోయాడు.

వెంకమ్మ నర్సు కూర్చునే స్టూలు లాక్కుంది. దాని మీదికెక్కి తలుపు పైన తీగ మెలిక విప్పింది. పడిపోతుందని హర్ష పరిగెత్తుకుంటూ వచ్చి పట్టుకున్నాడు. కొయ్య పలక దించి, దాని మీది దుమ్ము కొంగుతో తుడిచి, మొగుడి చేతిలో పెట్టింది.

"బిడ్డ పేరు ఇంటికి తీసకపోదాం పదయ్యా. ఇప్పుడు ఉండేది ఉండేట్టు రాసుకోమను."

కోటేశ్వర్ సారు కలం మూత పెట్టి, పక్కకు జరిగి, ఆత్మకూరులో సిలిండర్లు సరఫరా చేసే చోటికి ఫోన్ చేశాడు. మిషన్ రొదలో వినపడక స్పీకర్ పెట్టాడు.

"ప్లాంట్ నడిచే ఊరికి సిలిండర్లేంది సార్?" అంది అవతలి గొంతు. "బాగుండాదని మీరే గదా రాసి పంపినారు పోయిన తడవ. మీ వాటా అనంతసాగరం దిక్కు మళ్లించేసినాం. ఇప్పుడు ఈ జరాలకి యాడా మిగల్లే."

"రెండైనా చూడవయ్యా. పేషెంట్ ఉంది."

"ప్లాంట్ చెడిపోయిందని రాసి సంతకం పెట్టి పంపండి. చూస్తా. బండి లేదు, మీరే వచ్చి తీసకపోవాల."

ఫోన్ కట్టయింది. కోటేశ్వర్ సారు కాగితం వైపు చూస్తూ నిలబడ్డాడు. పోయినసారి కిటికీలోంచి చూసి బాగుందని రాసింది అతనే. ఇప్పుడు చెడిపోయిందని రాస్తే ఎప్పుడు చెడిపోయిందని అడుగుతారు. అతని మొహంలో ఆ లెక్క నడుస్తుండడం రజితకి కనిపించింది. ఈయన రాయడని ఆమెకు గట్టిగా అనిపించింది. పైవాళ్లతో మాట్లాడి చెప్తానమ్మా అంటాడు. కారెక్కుతాడు.

"పైవాళ్లతో ఒకసారి..." అతను మొదలెట్టనే మొదలెట్టాడు.

"రాయండి సార్."

అన్నది రామనారాయణ. పలకని రొమ్ముకు ఆనించి పట్టుకున్నాడు. సుత్తి ఎక్కడో కింద పడేశాడు.

"ఏమని రాయమంటారు పెద్దాయనా?"

"నేను పూజ చేసి చేసి చంపుకున్యానని రాయండి. మీరు చూడకుండా బాగుండాదని రాసినారని కూడా రాయండి. ఆ రెండోది రాయలేకపోతే మొదటిదే రాయండి. సంతకం నేను పెడతా. ఆడ సుగ్రాబీకి ఊపిరి ఆడటంలా."

కోటేశ్వర్ సారు తల వంచుకుని రాశాడు. ఏం రాశాడో రజిత చూడలేదు. సంతకం పెట్టడం మాత్రం చూసింది.

ఆ కాగితాన్ని హర్ష అందుకున్నాడు. "ముస్తాకూ, ఆటో తియ్యరా" అన్నాడు. భార్య ముందు ఒక్క క్షణం ఆగాడు.

"పొద్దున నోరు తెరవాల్సింది నేను."

"పో. వచ్చినాక తిడతాను" అంది రజిత.

ఆటో ఆత్మకూరు రోడ్డెక్కింది.

వార్డులో సుగ్రాబీ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఆయాసం ఎక్కువవుతోంది. మొదటి సిలిండర్ అయిపోయి, నర్సు ఆఖరుది కలిపింది. అదీ నిండుది కాదు. ఎప్పుడో ఎవరికో వాడి మూత బిగించిన సిలిండర్. ముల్లు అప్పుడే ఎర్రగీతకి దగ్గర్లో ఉంది.

రజిత గాలి వేగం కాస్త తగ్గించింది. సుగ్రాబీ వేలి కొసన ఉన్న, ఆక్సిజన్ కొలిచే చిన్న మిషన్ వైపు చూసింది. మళ్లీ కొంచెం పెంచింది. చేతులు ఆ పని మరిచిపోలేదు. అందుకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

"బేటీ" అంది సుగ్రాబీ మాస్కులోంచి. "మిషన్... నడిచిందా? సద్దు విన్యా."

"మాట్లాడొద్దు పెద్దమ్మా. నిదానంగా పీల్చు."

గోడ అవతల ప్లాంటు ఇంకా హోరెత్తుతూనే ఉంది. ఆపాలని ఎవరికీ తోచలేదు.

వెంకమ్మ వచ్చి మంచం చివర కూర్చుంది. సుగ్రాబీ పాదం ఒళ్లోకి తీసుకుని, రెండు చేతులతో పట్టుకుంది. చాలాసేపు ఆ ముల్లునే చూస్తూ ఉండిపోయింది. దసరా తర్వాత ముల్లు చదవడం ఆమెకీ వచ్చింది.

"వాళ్లు వచ్చేదాకా చాలతాది గదా అమ్మాయ్?"

అత్త ఏమన్నా పొద్దున్నుంచీ మాటకి మాట చెప్పిన కోడలు, ఈ ఒక్క ప్రశ్నకి మాత్రం జవాబు చెప్పలేదు.